నీలి అంచు తువ్వాలు

ప్రయోగశాలలో ఆమెను అందరూ పిన్ని అంటారు. వయసులో ఆమెకన్నా పెద్దవాడైన వాచ్‌మన్‌కు కూడా ఆమె పిన్నే. కాగితాల మీద ఆమె హోదా సహాయకురాలు. ఆ మాట ఆమె చేసే పనిలో సగం కూడా చెప్పదు. దోమలను పెంచడం ఆమె పని. పెంచిన దోమలకు చెయ్యి అందించడం కూడా ఆమె పనే. ఆకుల నుంచి తీసిన నూనెలతో, ఒంటికి రాసుకునే దోమల లేపనాలు తయారుచేసే చిన్న సంస్థ అది. ఏ లేపనం ఎంతసేపు పనిచేస్తుందో చివరికి తేల్చి చెప్పేది ఆమె కుడిచెయ్యి.

దోమల గది వరండా చివర ఉంటుంది. తలుపు తీస్తే ముందు ఒక దోమతెర, దాని వెనక మరొక తలుపు. లోపల ఎప్పుడూ వాన వెలిసిన మధ్యాహ్నంలా ఉక్కగా ఉంటుంది. అరల నిండా తెల్లటి పళ్ళాలు, పళ్ళాల్లో నీళ్ళు, నీళ్ళలో తలకిందులుగా వేలాడే దోమపిల్లలు. పిన్ని ఉదయాన్నే వాటికి చేపల మేత పొడి చల్లుతుంది. రెక్కలు రావడానికి సిద్ధమైన వాటిని డ్రాపర్‌తో ఏరి, గిన్నెలో వేసి, తెరగుడ్డతో కట్టిన పంజరాల్లో పెడుతుంది. కాళ్ళ మీద తెల్ల చారలున్న జాతి అది, డెంగీని మోసుకొచ్చే జాతి. అయితే ఈ గదిలో పుట్టిన దోమ రోగి ఒంటి మీద ఎన్నడూ వాలి ఉండదు కనుక దాని దగ్గర మోసుకురావడానికి ఏమీ ఉండదు.

ఈ ఉద్యోగానికి రాకముందు పిన్ని ఒక లాండ్రీలో ఇస్త్రీ చేసేది. దోమలకు తనంటే ఉన్న ప్రత్యేకమైన ఇష్టం ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పుట్టింట్లో ఆమెను దోమల చుట్టం అనేవారు. లాండ్రీలో తోటివారు ఆమెను కావాలని కిటికీ పక్కన నిలబెట్టి, తాము నిశ్చింతగా పని చేసుకునేవారు. ఈ సంస్థకు ఆమె గదులు ఊడ్చే పనికి వచ్చింది. మొదటి వారంలోనే ఒక పంజరం తెర చిరిగింది. బయటపడిన దోమలన్నీ గదిలో ఉన్న నలుగురినీ వదిలిపెట్టి ఆమె చుట్టూ చేరాయి. సంస్థను నడిపే డాక్టరమ్మ చిరిగిన తెర సంగతి మరచిపోయి ఆమె చేతుల వంక చూస్తూ నిలబడింది.

"పిన్నీ, మా అందరిలో నిన్నే ఎందుకు ఎంచుకున్నాయంటావ్?"

"ఏం చేస్తామమ్మా, ఇంత మంచి మనసు ఈ గదిలో ఇంకెవరికుంది?" అంది పిన్ని, గోక్కుంటూనే.

అలా ఆమె చీపురు పక్కన పెట్టి పంజరం ముందు కూర్చుంది.

పరీక్ష పద్ధతి చెప్పుకోవడానికి సులువే. ఉదయం రెండు చేతులూ వాసనలేని సబ్బుతో కడుక్కోవాలి. మధ్యాహ్నం మూడింటికి కుడిచేతికి లేపనం రాస్తారు, ఎడమచెయ్యి ఉత్తగా ఉంటుంది. ముందు ఎడమచెయ్యి పంజరంలో పెట్టాలి. దోమలు దాని మీదికి ఎగబడితేనే అవి ఆకలితో ఉన్నట్టు, లేకపోతే ఆ రోజు పరీక్షే చెల్లదు. వాలడం చూడగానే, సూది దిగకముందే ఎడమచెయ్యి తీసేస్తారు. తర్వాత కుడిచెయ్యి. ఆ చేతికి మాత్రం అలాంటి రక్షణ లేదు. కాసేపు లోపల, కాసేపు బయట, మళ్ళీ లోపల, ఇలా ఏదో ఒక దోమ నిజంగా కుట్టేదాకా సాగుతుంది. కుట్టిన క్షణాన పిన్ని పైకి అనవలసిన మాట ఒక్కటే: "కుట్టింది." ఆ మాటతో లేపనం ఆయుష్షు తీరినట్టు లెక్క.

ఒక చేతి లేపనం రెండో చేతికి అంటితే పరీక్ష పాడవుతుంది కనుక పిన్నికి రెండు తువ్వాళ్ళు ఉండేవి. అంచులేని తెల్లది ఎడమచేతికి, నీలి అంచున్నది కుడిచేతికి. పొరపాటున ఒకదాని బదులు మరొకటి వాడినట్టు ఆమెకు గుర్తులేదు. వాసన పౌడరంటే ప్రాణం పెట్టే మనిషి, ఈ ఉద్యోగంలో చేరిన రోజే పౌడరు డబ్బా పక్కింటి పిల్లకు ఇచ్చేసింది. చేతుల విషయంలో ఆమె అంత నిష్ఠగా ఉండేది. తువ్వాళ్ళను మాత్రం ఇంటికి తెచ్చుకునేది. వాటిని ఉతికి ఆరేసేది ఆమె అత్త.

ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. మేడమీద రెండు గదులు, కింద బైకుల రిపేరు షాపు. ఆ షాపు ఒకప్పుడు పిన్ని భర్తది. ఒక వానాకాలం అతనికి డెంగీ వచ్చింది. జ్వరం దిగిందని తల్లీ భార్యా ఊపిరి పీల్చుకున్న రోజే అతని ఒళ్ళు చల్లబడింది. అతను పోయాక పిన్నిని పుట్టింటికి వెళ్ళమని కొందరన్నారు. "ఎక్కడికి వెళ్తుంది? తాళంచెవి దాని దగ్గరే ఉంది" అని అత్త ఆ మాటను అక్కడితో తుంచేసింది. అప్పటి నుంచీ వాళ్ళిద్దరూ ఒకరినొకరు దెప్పుకుంటూ, ఒకరు లేకుండా మరొకరు ముద్ద మింగకుండా కాలం గడుపుతున్నారు.

పిన్ని ఉద్యోగం మాత్రం అత్తకు మింగుడుపడలేదు.

"నా కొడుకుని తిన్న జాతిని నువ్వు చెయ్యి పెట్టి మేపుతున్నావే!"

"ఆ దోమలు వేరు, ఇవి వేరు అత్తయ్యా. ఇవి నా కళ్ళముందు పుట్టినవి. జ్వరమంటే ఏంటో కూడా వీటికి తెలీదు."

"నువ్వు పెంచావని ముద్దు పెట్టుకుంటాయా? అవీ కుడతాయిగా!"

"కుట్టేవి ఆడవే. మగవాటికి పంచదార నీళ్ళు చాలు."

"అదీ సంగతి! దోమల్లో కూడా ఇల్లు గడిపేది ఆడదే అన్నమాట," అని అత్త మూతి విరిచి, ఆ రెండు తువ్వాళ్ళూ తీసుకుని పెరటి పంపు దగ్గరికి వెళ్ళేది.

*

లేపనాల కథలో అసలు చిక్కు అంతా నూనె దగ్గరే ఉంది. ప్రాంగణంలో రేకుల షెడ్డు కింద ఆవిరి బట్టీ ఉండేది. నిమ్మవాసన వేసే నీలగిరి ఆకులు, నిమ్మగడ్డి అందులో ఉడికించి నూనె తీసే పెద్దాయనను ఆకుల తాత అనేవారు. ఆ నూనె గుణం గురించి ఆయన అందరికీ ఒకటే చెప్పేవాడు: "దోమని తరుముతుంది తల్లీ, అందులో సందేహం లేదు. తరుముతూ తరుముతూ అదీ వెళ్ళిపోతుంది." చర్మం వేడికి నూనె ఆవిరైపోవడమే ఆయన చెప్పే ఆ పరుగు. దాన్ని నిలబెట్టడానికి డాక్టరమ్మ ఎన్నో పదార్థాలు కలిపి చూసింది. ఆరు లేపనాలు తయారయ్యాయి. ఆరింటినీ పిన్ని నోటి మాట పొద్దు గుంకకముందే కొట్టేసింది.

ఏడోదానిలో తేనెమైనం కలిపారు. ఆ వానాకాలమే పట్టణంలో మురుగుకాలువ పక్క వీధిలో డెంగీ మొదలైంది. ఆ వీధిలో ఇంటింటా ముందు గదిలో కుట్టుమిషను ఉంటుంది. వెలుతురు కోసం తలుపులు తెరిచి, సాయంత్రాలు బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంటారు. దోమ కుట్టేదీ సరిగ్గా ఆ వేళకే. తెరలు కట్టుకుంటే దారం కనబడదు. అగరొత్తి వెలిగిస్తే బట్టకు పొగ వాసన పడుతుంది. చేతికి రాసుకునే మందొక్కటే వాళ్ళకు దారి.

ఏడో లేపనం నిలబడింది. మొదటి పరీక్షలో పొద్దు వాలినా పిన్ని నోరు మెదపలేదు. వీధిదీపాలు వెలిగాయి. దోమలు ఆమె చేతి చుట్టూ తిరిగి తిరిగి పోయి తెరకు అంటుకున్నాయి. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. ఆకుల తాత గుమ్మంలో నిలబడి "ఇక పారిపోదు, కట్టేశాం" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఇంటికి వెళ్తున్న పిన్నికి ఆ సాయంత్రం భర్త బాగా గుర్తొచ్చాడు. ఇలాంటిది ఒక్క డబ్బా అప్పుడుండి ఉంటే అని ఆమె అనుకున్నది, అనుకోకుండా ఉండలేకపోయింది.

పురపాలక ఆరోగ్య విభాగం ఆ వీధికంతా లేపనం పంచడానికి ఒప్పుకున్నది. ట్యూబు మీద వేయవలసిన మాట కూడా ఖాయమైంది: ఒక్కసారి రాస్తే సాయంత్రమంతా.

అచ్చుకు పంపేముందు డాక్టరమ్మ ఆఖరిసారి పరీక్ష పెట్టింది. ఆ ఉదయం పిన్ని చేతులు కడుక్కుని, తెల్ల తువ్వాలుతో ఎడమచెయ్యి తుడుచుకుంది. నీలి అంచుదానితో కుడిచెయ్యి తుడుచుకుంది. ఎడమచెయ్యి ఆరింది, కుడిచెయ్యి ఆరలేదు. మళ్ళీ అద్దింది. తడి చేతి మీద అటూ ఇటూ జరిగింది గానీ గుడ్డలోకి పోలేదు. ఆమె కుళాయి నుంచి నాలుగు చుక్కలు తువ్వాలు మీద వేసింది. అవి తామరాకు మీద నీళ్ళలా నిలిచాయి.

లాండ్రీలో ఇలాంటి గుడ్డలు ఆమె చాలా చూసింది. కొవ్వొత్తి కారిన చోట వేడి ఇస్త్రీ పెడితే, మైనం మరక మాయమై నూలులోకి దిగిపోతుంది. గుడ్డ మామూలుగానే కనబడుతుంది, నీళ్ళు మాత్రం తాగదు. ఆమె తువ్వాలు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ వాసనా తెలియలేదు. ఆ ఆకుల మధ్య పనిచేసి పనిచేసి ఆమె ముక్కు ఆ వాసనను ఎప్పుడో లెక్కచేయడం మానేసింది. గేటు దగ్గరికి వెళ్ళి వాచ్‌మన్‌కు ఇచ్చింది.

"దీని వాసన చూడు."

"క్రీము వాసన. మీ దగ్గర రోజూ వచ్చేదేగా పిన్నీ, కొత్తగా అడుగుతారేంటి?"

పిన్ని తనకు ఒంట్లో బాగోలేదని చెప్పి పరీక్షను మర్నాటికి వాయిదా వేయించింది. ఆ ఒక్క అబద్ధం ఆమెను ఇంటిదాకా గుచ్చుతూనే ఉన్నది.

అత్త గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు వలుస్తున్నది. పిన్ని తువ్వాలు ఆమె ఒళ్ళో పెట్టింది.

"దీనికి ఏం చేశారత్తయ్యా?"

"ఉతికాను. ఇంకేం చేస్తాను?"

"ఉతికిన గుడ్డ నీళ్ళు తాగుతుంది. ఇది తాగట్లేదు. ఇస్త్రీ పెట్టారా?"

"నువ్వొక్కదానివే ఇస్త్రీ చెయ్యాలని రాసిపెట్టుందా?"

"అత్తయ్యా."

అత్త వలిచిన గింజలను ఒక పక్కకు నెట్టింది. తర్వాత చెప్పింది. లేపనం కలిపే గిన్నెకు అంటుకున్న గోకుడును ఆకుల తాత పారేయకుండా, దోమలు రాకుండా గడపకు రాసుకోమని అత్తకు తెచ్చి ఇచ్చేవాడు. ఏడో లేపనం మొదలైనప్పటి నుంచీ ఆ గోకుడులో మైనం ఉంటున్నది. ఆమె దాన్ని గడపకు రాయలేదు. తువ్వాలు మడతల్లో పెట్టి, పైన వేడి ఇస్త్రీ అదిమింది. ఉతికిన ప్రతిసారీ అలాగే చేసింది.

"నీలి అంచుదానికే ఎందుకు?"

"నువ్వేగా చెప్పావు! ఎడమచేతి మీద వాలితే తీసేస్తారు, కుడిచెయ్యి మాత్రం కుట్టేదాకా పెడతారని. కుట్టేది ఆ చేతినే అయితే మరి దేనికి రాయమంటావ్? కింద వీధిలో ఎవరింట్లో చూసినా మళ్ళీ జ్వరాలు. నాకు నిద్ర పట్టట్లేదే. వద్దంటే నువ్వు వినవు. వినని మనిషిని ఇంకెలా కాపాడుకోను?"

పిన్నికి కోపం వచ్చింది, కానీ అది ఎటు పోవాలో తెలియక నిలిచిపోయింది. తన చేతికి లేపనం కింద ఇంకో లేపనం, అదీ ప్రతిసారీ. ట్యూబు మీద పడబోయే మాట ఆ రెండు పొరలది. కాలువ పక్క వీధిలో తువ్వాలుకు ఇస్త్రీ పెట్టే అత్త ఎవరికీ లేదు.

"ఎవరికీ చెప్పకే," అంది అత్త మెల్లగా. "మందు మంచిదేగా. ఎంతోకొంత పనిచేస్తుందిగా."

"ఎంతోకొంత అని ట్యూబు మీద వెయ్యరత్తయ్యా. సాయంత్రమంతా అని వేస్తారు. అది చదివి ఒకావిడ ఒక్కసారే రాసుకుని మిషను దగ్గర కూర్చుంటుంది. ఆవిడకీ కొడుకుంటాడు."

అత్త తువ్వాలు మడిచి కోడలి సంచిలో పెట్టింది.

మర్నాడు పిన్ని బయలుదేరుతుంటే అత్త కూడా బయటికి వెళ్ళే చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. డాక్టరమ్మ గదిలో పిన్ని నోరు తెరిచేలోగానే అత్త అందుకున్నది.

"అమ్మా, తప్పు నాది. దీని చెయ్యి ఏ తప్పూ చెయ్యలేదు."

డాక్టరమ్మ అంతా విన్నది. తువ్వాలు మీద నీళ్ళు వేసి చూసింది. షెడ్డు నుంచి పరుగున వచ్చిన ఆకుల తాత గుమ్మంలోనే ఆగి, "గడపకి రాసుకోమనే ఇచ్చాను తల్లీ" అని గొణిగాడు. ఎవరూ ఆయనను ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయనకు ఎక్కువ బాధ కలిగించినట్టుంది, షెడ్డుకు తిరిగి వెళ్ళకుండా అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"తువ్వాళ్ళు ఇంటికి పంపించింది నేను," అంది డాక్టరమ్మ చివరికి. "రెండు గుడ్డలు పెట్టి జాగ్రత్తపడ్డాననుకున్నాను. అవి ఎవరు ఉతుకుతున్నారో ఒక్కసారైనా అడగలేదు. పిన్నీ, ఇక్కడి గుడ్డలతో మళ్ళీ మొదలుపెడదాం. చెయ్యి బాగుందా?"

"బాగానే ఉందమ్మా."

రెండు రోజులు చేతులకు ఏమీ తగలనివ్వకుండా ఉంచి, సంస్థలోనే ఉడకబెట్టి ఆరేసిన గుడ్డలతో తుడిచి, పరీక్ష మళ్ళీ పెట్టారు. చూస్తానని అత్త పట్టుబట్టింది. పంజరాన్ని మొదటిసారి దగ్గరగా చూసి, "ఇన్నింటినీ నువ్వే పెంచావా?" అని అడిగింది. తర్వాత, "మేత బాగానే పెడుతున్నావు, ఒక్కటీ చిక్కలేదు" అన్నది. అది మెచ్చుకోలో దెప్పో పిన్నికి అర్థం కాలేదు.

మధ్యాహ్నం గడిచింది. దోమలు దగ్గరికి రాలేదు. ఎండ తగ్గింది. అప్పటికీ రాలేదు. ఆకుల తాత ఆశగా గడియారం వంక చూశాడు. వీధిదీపాలు వెలిగిన కాసేపటికి పిన్ని కుడిచెయ్యి మరోసారి లోపల పెట్టింది. ఒక దోమ తెర మీది నుంచి లేచి, ఆమె ముంజేతి మీద వాలి, కాళ్ళు సర్దుకున్నది. ఎగిరిపోతుందేమోనని గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు. ఎగరలేదు. పిన్ని దాన్ని చూస్తూనే ఉంది. సూది దిగడం ఆమెకు తెలిసింది. ఆ ఒక్క మాట అనడానికి ఆమెకు ఎన్నడూ అంత కష్టం కాలేదు.

"కుట్టింది."

ఆ మాట పూర్తికాకముందే అత్త పంజరం మీద ఫెడీమని ఒక్కటి చరిచింది. దోమలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. డాక్టరమ్మ ఉలిక్కిపడి, తర్వాత పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నది.

ఏడో లేపనం మంచిదే. సాయంత్రంలో సగానికి మంచిది. ట్యూబు మీది మాట మారింది: దీపాలు వెలిగేటప్పుడు ఒకసారి, భోజనానికి ముందు మరోసారి. ఆరోగ్యాధికారి పెదవి విరిచాడు. జనం రెండోసారి ఎక్కడ రాసుకుంటారు, మరచిపోతారు అన్నాడు. మొదటి వారంలో ఆయన మాటే నిజమైంది. పిన్ని వెళ్ళి అడిగితే ఆ వీధి ఆడవాళ్ళు నాలుక కరుచుకున్నారు. కుట్టుపని మధ్యలో మిషను ఆపి, చేతికి జిడ్డు రాసుకుని, మళ్ళీ తెల్లచొక్కా పట్టుకోవడమంటే మాటలా అన్నారు. డాక్టరమ్మ జిడ్డు తక్కువగా ఉండే ఎనిమిదో లేపనం మొదలుపెట్టింది. అది వచ్చేదాకా వానలు ఆగవు.

"మీరు రండి అత్తయ్యా," అంది పిన్ని. "మీ గొంతు వింటే ఎవరూ మరచిపోరు."

అప్పటి నుంచీ సాయంత్రం సగమయ్యే వేళకు అత్త ఆ వీధి మొదట్లో కనబడుతుంది. చేతిలో ట్యూబు, భుజం మీద ఒక పాత గుడ్డ.

"ఏమే, రెండోసారి రాసుకున్నావా?"

"చేతులు ఖాళీ లేవు మామ్మా, ఈ కాలరు అయిపోనీ."

"కాలరు నువ్వు కుట్టుకో. మోచెయ్యి ఇటివ్వు."

మిషను నడుస్తూనే ఉంటుంది. అత్త ఆమె మోచేతి నుంచి మణికట్టుదాకా లేపనం రుద్ది, వేళ్ళకు అంటిన జిడ్డును తన గుడ్డతో తుడిచి, పక్క గుమ్మానికి వెళ్తుంది. కొందరు ఆమె గొంతు వీధి మలుపులో వినబడగానే గబగబా తామే రాసేసుకుంటారు. "రాసుకున్నాం, రాసుకున్నాం" అని లోపలి నుంచే కేకేస్తారు. నమ్మకం లేకపోతే ఆమె లోపలికి వెళ్ళి వాసన చూసి మరీ వస్తుంది.

ఒక సాయంత్రం వీధి చివరి అరుగు మీద అత్తాకోడళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ట్యూబులో ఇంకా కొంచెం మిగిలింది. అత్త పిన్ని కుడిచెయ్యి అందుకోబోయింది.

"ఆ చెయ్యి వద్దత్తయ్యా. ఎల్లుండి పరీక్ష."

"అయితే ఎడమది ఇవ్వు."

"అదీ వద్దు."

"తెలుసులే. అడిగి చూశానంతే," అంటూ అత్త అరుగు దిగి కింద కూర్చుని, ఆమె పాదం ఒళ్ళోకి లాక్కున్నది. "కాళ్ళకి రాయొచ్చంది మీ డాక్టరమ్మ. పొద్దున ఫోన్ చేసి కనుక్కున్నాను. కడిగేసుకుని పడుకోవాలంది, అంతే."

పిన్ని గాభరాగా కాలు వెనక్కి తీసుకోబోయింది. "మీరు నా కాళ్ళు పట్టుకోవడమేంటి! ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"ఊరుకో. దోమకి లేని పట్టింపు నాకెందుకే," అని అత్త చీలమండ చుట్టూ నిదానంగా రుద్దసాగింది.